తాళి కట్టిన ఫొటో

కెమెరా పోయిందని స్టేషన్‌కి ఫోన్ వచ్చేసరికి ఉదయం పదకొండు కావస్తోంది.

ఎస్సై దీనా గవరపాలెంలోని కల్యాణ మండపానికి చేరేటప్పటికి భోజనాల బంతి మొదలైంది. పెళ్లికూతురి గది ముందు మాత్రం గుంపు కదల్లేదు. గుంపు మధ్యలో ఒక అమ్మాయి. ఆమె బ్యాగులోని బ్యాటరీలు, దువ్వెన, మార్చుకోడానికి తెచ్చుకున్న బట్టలు నేల మీద పరిచి ఉన్నాయి.

"ఎవరు వెతికారు?"

"మేమేనండి," అన్నాడు పెళ్లికూతురి తండ్రి సింహాచలం. కొండకర్ల రైతు. "గదిలోకి ఈ పిల్లే ఎక్కువసార్లు వచ్చిందన్నారు."

"దొరికిందా?"

"లేదండి." సింహాచలం తల దించుకున్నాడు.

అమ్మాయి పేరు కుమారి. ఫొటోగ్రాఫర్ త్రినాధరావు దగ్గర అసిస్టెంటు. బట్టలు ఒక్కొక్కటే మడత పెట్టుకుంటోంది. ఏడవడం లేదు. దీనాకి అదే ఎక్కువ బాధనిపించింది.

త్రినాధరావుని పక్కకి పిలిచింది.

"ఆఖరిసారి కెమెరా ఎప్పుడు చూశారు?"

"తలంబ్రాలయ్యేక పెళ్లికూతురి గదిలో నా బ్యాగులో పెట్టి టిఫినుకెళ్లేనండి. పావుగంటలో వచ్చేను. బ్యాగుంది. కెమెరా లేదు."

"ఇంకేం పోయింది?"

"ఏటీ పోలేదండి. మెమరీ కార్డు మాత్రం బ్యాగు ముందరి జేబులో ఉంది. డబ్బాలో పెట్టి మరీ ఉంచేడు."

దొంగ కార్డు తీసి, డబ్బాలో పెట్టి, జిప్ వేసి వెళ్లాడు. దీనా ఆ డబ్బాని కాసేపు అలాగే చూసింది. తర్వాత కార్డుని త్రినాధరావు లాప్‌టాప్‌లో పెట్టించింది. ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. చివరి ఫొటో దగ్గర ఆగి, అతన్ని రెండు ప్రశ్నలు అడిగింది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకండి," అంది.

ఆ పావుగంటలో గదిలోకి వెళ్లింది ముగ్గురు.

మొదటివాడు హనోకు. మగపెళ్లివారి తరపున వీడియో తీస్తున్నాడు.

"ఛార్జరు పెట్టుకుందామని ఎళ్లేనండి."

"త్రినాధరావు కొత్త కెమెరా మీద మీకు కోపమట?"

"కోపమేటండి, కుళ్లు," అన్నాడు హనోకు తిన్నగా. "అది వీడియో కూడా బాగా తీస్తాదని పెళ్లికొడుకు నా ముందే అన్నాడు. పొద్దున్నుంచీ నా వైపు చూసినోడు లేడు. అలాగని దొంగతనం సేత్తానా?"

రెండో మనిషి కుమారి.

"కెమెరా ఎంచింది నువ్వేనా?"

"అవునండి. పందిట్లో హోమం పొగ, లైటు తక్కువ. ఫ్లాషు కొడితే పెళ్లికూతురి మొహం సున్నం కొట్టినట్టు వత్తాది. ఇదైతే ఫ్లాషు అక్కర్లేదని త్రినాధరావన్నయ్యకి సెప్పేను. విశాఖ వెళ్లి తెచ్చుకున్నాం."

"ఎవరెవరు వెళ్లారు?"

"నేనూ, అన్నయ్యా."

మూడో మనిషి త్రినాధరావు భార్య బిందుమాధవి. స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ చేసేది ఆమే.

"ఆయనకి కాఫీ తీసుకెళ్లేనండి. లేరు. వచ్చేసేను."

"కొత్త కెమెరా ఎలా ఉంది?"

"నాకేటి తెలుసండి. నన్ను ముట్టుకోనిత్తేగా." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మూడు గంటలకి దీనా అందరినీ పెళ్లికూతురి గదిలో కూర్చోబెట్టింది. సింహాచలం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్ముకునే దొంగైతే కెమెరా పట్టుకుని పోతాడు. కార్డు తీసి దాచిపెట్టడు," అంది దీనా. "అందరూ కార్డు దొరికిందని సంబరపడ్డారు. దాంట్లో ఏముందో ఎవరూ చూడలేదు. నేను చూశాను. జీలకర్ర బెల్లం దాకానే ఉంది. తాళి కట్టిన ఫొటో లేదు."

సింహాచలం గోడకి చేరబడ్డాడు.

"లేకపోవడమేటి?"

మెల్లగా అన్న మాట. బిందుమాధవిది.

"కార్డు జాగ్రత్తగా తీసేనే..." అంది. అక్కడ ఆగిపోయింది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"వదినా," అంది కుమారి, "అందులో రెండు కార్డులుంటాయి. ఒకటి నిండితే మిగతావి రెండోదాంట్లోకి ఎల్తాయి."

దీనా తలూపింది. త్రినాధరావుని అడిగి తెలుసుకున్నదీ అదే. "హనోకే దొంగైతే త్రినాధరావు పరువు పోవాలని తీస్తాడు. అతనైతే ఫొటోలు మిగల్చడు. కుమారి అయితే రెండు కార్డులూ తీస్తుంది. పెళ్లివారి ఫొటోలు పోకూడదనుకున్న మనిషి, పాత కెమెరాలాగే దీనికీ ఒకటే కార్డనుకున్న మనిషి... ఆల్బమ్‌లు చేసేవారే అయ్యుండాలి. కొత్త కెమెరా ఒక్కసారీ తెరిచి చూడనివారు."

కెమెరా బిందుమాధవి స్కూటీ డిక్కీలో, తువ్వాల్లో చుట్టి ఉంది. రెండో కార్డు లోపలే ఉంది.

"మొదటి కెమెరా నుంచీ ప్రతీదీ ఇద్దరం కలిసి ఎంచుకున్నాం," అంది బిందుమాధవి భర్త వైపు చూడకుండా. "లెన్సు మూత కొనాలన్నా నన్నడిగేవోరు. ఇదొచ్చిందని నాకు డబ్బా విప్పినప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచీ ఈయనా, కుమారీ దాని గురించే మాట్లాడుకుంటారు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు."

త్రినాధరావు కంప్లైంటు వద్దన్నాడు.

"అది మీ ఇష్టం," అంది దీనా. "కానీ కుమారి పేరు మొదట ఎత్తిందెవరు?"

"నేనేనండి," అంది బిందుమాధవి.

"అందరి ముందూ ఆ పిల్ల బ్యాగు విప్పించారు. ఈ మాట కూడా అందరి ముందే చెప్పండి."

హాల్లో ఇంకా అరవై మంది దాకా ఉన్నారు. బిందుమాధవి వాళ్ల మధ్యలో నిలబడి చెప్పింది. ఒక్క మాట కూడా దాచలేదు. కుమారి చివరిదాకా వింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కేసింది.

మళ్లీ స్టూడియోకి రాలేదు.

పది రోజుల తర్వాత దీనా స్టేషన్ పని మీద పాస్‌పోర్టు ఫొటోలకి త్రినాధరావు స్టూడియోకి వెళ్లింది. కొత్త కెమెరా ఇప్పుడు బిందుమాధవి చేతిలో ఉంది. కుమారి హనోకు దగ్గర చేరిందని దీనాయే చెప్పింది. నిన్న ఇద్దరూ విశాఖ వెళ్లి కొత్త కెమెరా తెచ్చారని కూడా చెప్పింది.

బిందుమాధవి ఫోకస్ సరిచేస్తూ ఆగింది.

"ఏ మోడలండి?" అని అడిగింది.