వేడెక్కే బానెట్

బానెట్ మీద అరచెయ్యి పెట్టాడో లేదో, నోలన్ మొహం మాడిపోయింది.

వేడిగా ఉంది!

పాత కారు కొనడానికి వెళ్ళినవాడు ముందు చేసే పని అదే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే దాని దగ్గూ, పొగా, రోగాలూ అన్నీ బయటపడతాయి. అందుకే మోసగాళ్ళు మనం వచ్చేలోపు కాసేపు ఇంజన్ తిప్పి వెచ్చబెట్టి ఉంచుతారు. ఒహాయోలో ఈ కార్ల పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలిసిన కిటుకే.

"చల్లటి బండి చూపించమని ఫోన్‌లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ!" అన్నాడు.

గ్యారేజ్ గుమ్మంలో కోటు వేసుకుని నించున్న అమ్మాయి కాఫీ కప్పు దించలేదు. పేరు రొవీనా. బయట వాన దంచేస్తోంది. ఆ జల్లుకి తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుని... ఛ, కోపంలో ఉన్నప్పుడు ఇవన్నీ కనపడకూడదు.

"అయిపోయిందా తిట్టడం?"

"ఇంకా మొదలెట్టలేదు."

"ఇంతకుముందు వచ్చినవాళ్ళు ఇంతకంటే బాగా తిట్టారు లెండి. బానెట్ ఎత్తండి."

ఎత్తాడు. అరవై తొమ్మిది నాటి ఎర్రటి పాంటియాక్ జీటీఓ. ఇంజన్ అద్దంలా మెరుస్తోంది. చిన్నప్పట్నించీ కలల్లో తోలుతున్న బండి! కానీ ఒక మూల ఖాళీగా ఉంది.

"బ్యాటరీ ఏది?"

రొవీనా వేలు చూపించింది. బ్యాటరీ గోడ అరలో, పెయింట్ డబ్బాల పక్కన ఉంది. దాని మీద దుమ్ము.

నోలన్ మళ్ళీ ఇంజన్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కాలింది.

"పారిపోతారా?" అంది రొవీనా. "వాళ్ళంతా ఇది చూసే పారిపోయారు."

"నేను... నేను వాన తగ్గాక పారిపోతా."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి నోలన్ భయం సగం తగ్గింది. మిగతా సగం మాత్రం ఎక్కడికీ పోలేదు.

రొవీనా కోటు విప్పి మేకుకి తగిలించింది. ఇద్దరూ తిరగేసిన బకెట్ల మీద కూచున్నారు. కారు రొవీనా వాళ్ళ నాన్న ఆర్లోది. ఎవరి పొలంలోనో తుప్పుపట్టి పడున్నదాన్ని తెచ్చి, ఏళ్ళ తరబడి బోల్టు బోల్టూ విప్పి బాగుచేశాడట. పోయిన వసంతంలో ఆయన పోయాడు. ఈ ఇల్లు అద్దెది. వారంలో ఖాళీ చెయ్యాలి. కొత్త ఫ్లాట్ దగ్గర బండి వీధిలోనే పెట్టుకోవాలి.

"రేపో మాపో మంచు పడుతుంది, అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు," అంది. "ఆ ఉప్పు దీన్ని తినేస్తుంది నోలన్. మా నాన్న చేతులు దీన్లోనే ఉన్నాయి. కొనేవాళ్ళేమో నన్ను దొంగంటున్నారు. లేదంటే విడిభాగాలుగా అమ్ముకుంటామంటున్నారు."

చేత్తో కళ్ళు ఒత్తుకుంది. నోలన్‌కి ఏం చెయ్యాలో తోచక తన రుమాలు ఇచ్చాడు. దాన్నిండా గ్రీజే.

"దీంతో తుడుచుకుంటే నేనూ ఇంజన్‌లా ఉంటా!" అంటూనే తుడుచుకుంది.

మాటల్లో పడి చూసుకోలేదు గానీ, బానెట్ చల్లబడిపోయింది. నోలన్ తాకి చూశాడు. మంచుగడ్డ!

"అమ్మయ్య. ఇక నాకు డ్యూటీ టైమైంది," అంటూ రొవీనా లేచి కోటు వేసుకుంది. మెయిన్ రోడ్డు మీది డైనర్ హోటల్లో వడ్డించే పని ఆమెకి.

టిక్.

ఇనుము వేడెక్కుతున్నప్పుడు వచ్చే చప్పుడు. టిక్... టిక్. నోలన్ చేతికింద బానెట్ నెమ్మదిగా వెచ్చబడింది.

"కోటు తియ్యి," అన్నాడు గుసగుసగా.

"ఏంటీ?!"

"అయ్యో, అలా కాదు! ఊరికే తియ్యి!"

తీసింది. చప్పుడు ఆగింది. వేసుకుంది. టిక్.

"కొనేవాళ్ళని ఎప్పుడు రమ్మంటావు నువ్వు?"

"ఎప్పుడూ డ్యూటీకి ముందే. కోటు వేసుకుని..." ఆమె ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "నాన్న... నాకు చలి పడదని... నేను కోటు వేసుకుంటుంటే చాలు, బయటికెళ్ళి కారు స్టార్ట్ చేసి వెచ్చబెట్టేవాడు. ఏ కారైనా సరే. స్కూలు రోజుల్నించీ."

 నోలన్ బానెట్ మీంచి చెయ్యి మెల్లగా తీశాడు.

"నేను కొనను రొవీనా," అన్నాడు.

"అనుకున్నా. నువ్వూ అంతేనన్నమాట."

"పూర్తిగా విను తల్లీ! మా గ్యారేజ్ పొడిగా ఉంటుంది, హీటరుంది. బండి అక్కడుంచు. తాళాలు నీ దగ్గరే పెట్టుకో. నా పేరు మీదకి మారితే ఇది నా కోసం వేడెక్కుతుందా? నీ కోసమే కదా. కాకపోతే... చూడ్డానికి నువ్వు వస్తూ ఉండాలి."

"ఎన్నాళ్ళకోసారి?"

"నన్నడిగితే రోజూ."

రొవీనా బుగ్గలు కారు రంగుకి తిరిగాయి. "బ్యాటరీ పట్రా. ఉప్పు చల్లకముందే నన్ను డ్యూటీలో దించి, బండి మీ ఇంటికి తీసుకెళ్ళిపో. నువ్వొచ్చిన కారు రేపొచ్చి పట్టుకుపోదువు."

బిగించారు. ఆమె స్టీరింగ్ ముందు కూచుంది. నోలన్ అటువైపు తలుపు లాగాడు. రాలేదు. తాళం వెయ్యలేదు, అయినా రాలేదు. ఆ వైపు కిటికీకి లోపల్నించి ఆవిరి పట్టింది. ఒక్క కిటికీకే. ఎవరో గాజు దగ్గర మొహం పెట్టి బయట ఉన్నవాణ్ణి ఎగాదిగా చూస్తున్నట్టు.

నోలన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా టోపీ తీశాడు. ఈ ఊళ్ళో ఆడపిల్లతో బయటికెళ్ళాలంటే ముందు గుమ్మంలో వాళ్ళ నాన్నకి మొహం చూపించాల్సిందే.

"సర్, నా పేరు నోలన్ ప్రూయిట్. ఈ బండిని ఒక్క బోల్టు కూడా విప్పి అమ్మను. మీ అమ్మాయిని..." టోపీ అంచు నలిపాడు. "మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ. వచ్చి గంటన్నా కాలేదని తెలుసు. చలికి వదిలెయ్యను. ఒట్టు."

కారులోంచి రొవీనా కళ్ళప్పగించి చూస్తోంది. వాన కూడా ఆగి విన్నట్టనిపించింది.

క్లిక్.

తలుపు దానంతటదే తెరుచుకుంది. అప్పటిదాకా నొక్కుకుపోయి ఉన్న ముందు సీటు నెమ్మదిగా పైకి లేచింది. వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి.

నోలన్ ఎక్కి, మెడ తిప్పకుండా కూచున్నాడు. "థాంక్యూ సర్," అన్నాడు ముందుకే చూస్తూ.

రొవీనా అతని చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. గేరు వేసి, తలెత్తి అద్దంలోకి చూసింది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"నాన్నా, కాస్త పక్కకి జరుగు. వెనక రోడ్డు కనపడట్లేదు."