ఎలియాస్ వీణలో బతికిన తుపాకీ

గరివిడిలో వెల్డింగ్ షెడ్డు వెనక, నిఘాలో ఉన్న ఏజెంట్ నూకయ్యని పొడిచి పడేశారు. ఏజెంట్ ఈశ్వరి చేరేసరికి ఆయనలో కాస్త ఊపిరి మిగిలింది. ఈ ఉద్యోగంలో ఆమెకి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే.

"ఎవరు మావా? సెప్పు!"

"అన్నీ సచ్చిన తుపాకులే అనుకున్నాం, అమ్మీ. ఒకటి బతికున్నాది..."

అంతే. తల వాలిపోయింది.

పొడిచినవాడు ఇంకా షెడ్డులోనే ఉన్నాడు. వెనకనుంచి వచ్చి ఆమె మెడకి చైను బిగించాడు. ఈశ్వరి మోచేత్తో వాడి పక్కటెముక విరిచింది. చేతికందిన రాడ్డుతో మోకాలు పగలగొట్టింది. ఆ తర్వాతి దెబ్బ నెత్తిమీద పడింది, వాడు మళ్లీ కదల్లేదు. జాలి పడే ఓపిక ఆమెకి లేదు. నూకయ్య కళ్లు మూసి, అప్పుడు ఏడ్చింది.

చెవిదుద్దులోని రిసీవర్లో చీఫ్ వెంకటరావు గొంతు పలికింది.

"ఏడుపు తర్వాత. వాళ్ల టార్గెట్ ఎలియాస్, మొజాంబిక్ శిల్పి. అక్కడ యుద్ధం ముగిశాక పోగేసిన తుపాకుల్ని పనికిరాకుండా కోసి కుర్చీలు, పక్షులు చేస్తాడు. ఆ దేశంలో మళ్లీ తుపాకులు దింపుతున్న 'బ్లాక్ హార్బర్' ముఠా మీద కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నాడు. ఈలోగా లేపేస్తారు. ఈ సాయంత్రం విజయనగరంలో ఎగ్జిబిషన్."

"లోపల మనవాళ్లు?"

"క్యూరేటర్ అనూరాధ. ముఠాలో మన మనిషి. షూటర్ గేటులోంచే వస్తాడని కబురు పంపింది."

గ్యాలరీలోకి ఈశ్వరి కేటరింగ్ యూనిఫాంలో, కాఫీ ట్రేతో వెళ్లింది. పోలీసులంతా గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ల చుట్టూ మూగారు. హాలు మధ్యలో ఎలియాస్ కొత్త శిల్పం ఉంది. బొబ్బిలి వీణ చూసి మనసు పారేసుకున్నాడట మహానుభావుడు. తనతో తెచ్చుకున్న చచ్చిన తుపాకులతో ఆ గరివిడి షెడ్డులోనే కూర్చుని వీణే కట్టేశాడు. తుపాకీ మడమలు కుండ, గొట్టాలు దండి, క్లచ్ కేబుళ్లు తీగలు.

పట్టుచీర, ఎర్రటి పెదవులు, జడలో పొడుగాటి వెండి పిన్ను. అనూరాధకేసి తల తిప్పని మగాడు ఆ హాల్లో లేడు.

"బొబ్బిలిలో వానా?" అంది ఈశ్వరి.

"గొడుగు మర్చిపోయాను." కోడ్ సరిపోయింది. "నువ్వు గేటు చూసుకో. వీణ దగ్గరికి రాకు, కాఫీ ఒలుకుతుంది."

వద్దంటే చూడకుండా ఉండే రకం కాదు ఈశ్వరి. చూసింది.

దసరాకి షెడ్డులో ఆయుధపూజ చేశారని వీణ పక్కన అట్టమీద రాసుంది. గరివిడి ఆడవాళ్లకి ఇనుమంటే ఇనుమే. సుత్తికి పెట్టినట్టే చచ్చిన తుపాకులన్నిటికీ పసుపు రాసి కుంకం పెట్టారు. ఎలియాస్ మురిసిపోయి, చెరగకుండా పైన వార్నిష్ కొట్టాడు. ఇప్పుడు గొట్టం గొట్టానికీ బొట్టుంది. కుండ అంచున, వాయించేవాడి గుండెకేసి తిరిగిన పిస్తోలుకి మాత్రం లేదు. మొదటి తీగ దాని ట్రిగ్గరుకి చుట్టి ఉంది.

పండగ వెళ్లాక వచ్చిన ఇనుము! నూకయ్య చెప్పింది దీని గురించే. దీన్ని బిగించింది, పోలీసుల్ని గేటుకి తోలింది అనూరాధే. ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది.

ఎలియాస్ అప్పటికే వేదికమీద కూర్చుని వీణ ఒళ్లోకి తీసుకున్నాడు.

"అందరూ బాగున్నారేటండీ?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. అతని వేలు తీగమీదికి వెళ్లింది.

ట్రే గాల్లోకి లేచింది. మరిగే కాఫీ అనూరాధ మొహాన పడింది. ఈశ్వరి ఎగిరి వీణని తన్నింది.

ఢాం!

గుండు ఎలియాస్‌కి తగలకుండా ఈశ్వరి భుజం చీల్చుకుపోయింది. అనూరాధ జడలోంచి పిన్ను లాగింది. అది పిన్ను కాదు, కత్తి. ఎలియాస్ గొంతుకి గురిపెట్టి దూకింది. ఈశ్వరి అడ్డుపడి ఆ మణికట్టు పట్టి మెలిపెట్టింది. ఎముక విరిగింది. కత్తి మొన వెనక్కి తిరిగి అనూరాధ పక్కటెముకల కిందే దిగబడింది.

"ఇది నూకయ్య మావ పంపించాడే," అంది ఈశ్వరి, కత్తి పిడి వదలకుండా.

అనూరాధ కుప్పకూలింది. ఎలియాస్ ఈశ్వరి భుజానికి తన కండువా కట్టాడు.

ముందు వరసలోంచి చప్పట్లు మొదలయ్యాయి. కొట్టింది కాంతమ్మ, ఆ హాలు కట్టించిన బియ్యం వర్తకుల ఇంటావిడ. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ లేచి కొట్టారు.

"బాగా ఆడారే పిల్లా! ఇలాటి బొమ్మలు సూస్తే నిద్దరొస్తాదనుకున్నాను. మల్లీ ఆట ఎప్పుడుంటాది?"

"ఇంక ఉండదమ్మా," అంది ఈశ్వరి రొప్పుతూ. "ఆడినోల్లలో ఒకలు లెగరు."