తెల్ల ప్యానెల్ ఎందుకు బరువెక్కింది

ఓడీల్ ట్రోస్క్లేర్ ఉద్యోగమే తూకం. న్యూ ఆర్లీన్స్ తూర్పు శివారులో, అంతరిక్ష నౌకకు ఇంధన ట్యాంకులు కట్టే ఫ్యాక్టరీలో ఎవరు ఏ బోల్టు బిగించినా, ఏ టేపు అంటించినా ఆమె బరువు చూసి రాసుకోవాలి. ఆమె నడిచొస్తుంటే పెయింటర్లు డబ్బాలు దాచుకునేవారు.

1981 వేసవిలో ఆమె ఒక కాగితం రాసింది. పదిహేను అంతస్తుల ట్యాంకుకు పూస్తున్న తెల్లరంగు బరువు ఆరు వందల పౌండ్లు. రంగు మానేస్తే దాదాపు అంత సరుకూ అదనంగా పైకి పోతుంది.

ఆ కాగితం మీద మేనేజర్లు నాలుగు మీటింగులు పెట్టారు. ఆరు వందల పౌండ్లంటే ముగ్గురు మేనేజర్లు పనీపాటా లేకుండా ఆకాశానికి పోతున్నట్టు లెక్క. ఆ మాట ఆమె రాయలేదు గానీ, వాళ్లకు తగిలినట్టే ఉంది.

నాలుగో మీటింగు మర్నాడు పొద్దున్నే పెయింటర్ల మేస్త్రీ ఎమిల్ ఫాంటెనో ఆమె టేబుల్ ముందు నిలబడ్డాడు.

"మిస్ ఓడీల్, మా పదకొండు మంది నోట్లో మట్టి కొట్టింది మీరేనా?"

"నేను తూకం వేశానంతే."

"ట్యాంకు వేడెక్కకుండా పట్టించిన ఫోమ్ నురుగు పొరని ఎండ తినేస్తుంది. రంగు లేకపోతే పొడిపొడిగా రాలిపోతుంది, తెలుసా?"

"టీవీలో తెల్లగా బాగుంటుందని కూడా కదా వేస్తున్నారు? నిజం చెప్పండి."

"అందంగా ఉండటం తప్పా?" అని ఆమె ముఖంలోకి చూసి, అడగకూడనిదేదో అడిగినట్టు తడబడ్డాడు.

గొడవ తేలాలంటే ఎండే తేల్చాలి. నురుగు ప్యానెళ్లు రెండు ఫ్యాక్టరీ కప్పు మీద పెట్టారు. ఒకదానికి తెల్లరంగు, ఒకటి ఉత్తది. ప్రతి శుక్రవారం ఇద్దరూ కలిసి తూచి, ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఉత్త ప్యానెల్ పసుపు నుంచి నారింజకు, నారింజ నుంచి ఇటుక రంగుకు తిరిగింది గానీ రాలలేదు. పెళ్లిచూపులకొచ్చిన కాబోయే అత్తగారిలా ఎమిల్ దాన్ని వేలితో నొక్కి నొక్కి వంకలు వెతికేవాడు. దొరికేవి కావు.

తెల్లది మాత్రం మల్లెపువ్వులా ఉండేది. కానీ వారానికి అర ఔన్సు చొప్పున బరువు పెరుగుతోంది. తేమ కాబోలు అనుకుంది ఓడీల్. కనీసం అనుకున్నానని రాసుకుంది.

శుక్రవారాలు వానొస్తే ఇద్దరూ ఒకే టార్పాలిన్ కింద నిలబడేవారు. టార్పాలిన్ పెద్దదే. అయినా భుజాలు తగిలేవి.

ఆరో వారానికి ఆ అర ఔన్సులు పెద్ద మేనేజర్ వెదర్బీ కంటపడ్డాయి. ఆయన పండగ చేసుకున్నాడు. "రంగు నీళ్లు పీలుస్తోంది. పెయింటర్లు సరిగ్గా కలపలేదు. అదే రాసేద్దాం. రేపు మీటింగులో తేల్చేస్తాను."

ఆ గురువారం మధ్యాహ్నం ఓడీల్ కప్పు ఎక్కింది. ఎమిల్ చిన్న బ్రష్ పట్టుకుని, గొంతుక్కూర్చుని, తెల్ల ప్యానెల్‌కి రంగు పూస్తున్నాడు.

"పరీక్షకి పెట్టినదానికి టచప్పా?"

"పక్షులు పాడు చేస్తున్నాయి. శుక్రవారం మీరొస్తారు కదా, మురిగ్గా చూపించబుద్ధి కాలేదు."

"మీ రంగు బరువని నిరూపించడానికి నాకంటే మీరే ఎక్కువ కష్టపడ్డారన్నమాట."

అతని ముఖం ప్యానెల్ కంటే తెల్లబడింది. "చెప్పకండి మిస్ ఓడీల్. లెక్క తప్పిందంటే మీకు తలవంపులు. వెదర్బీ నన్నంటే అననివ్వండి."

ఎనిమిదేళ్లలో ఆమె లెక్కలో ఎవరూ తప్పు పట్టలేదు. ఆమెకున్న గర్వమంతా అదే. కానీ రంగు కలపడం రాదన్న పేరొస్తే ఆ పదకొండు మందికి ఏ ఓడల యార్డులోనూ పని దొరకదు. ఆమెకు నిజంగా భయమేసింది.

మర్నాడు మీటింగులో లేచి నిలబడింది.

"తెల్ల ప్యానెల్ లెక్క చెల్లదు. దానికి వారం వారం కొత్త రంగు పడింది. కలపడంలో ఏ లోపమూ లేదు."

వెదర్బీ కళ్లజోడు తీశాడు. "ఐదు వారాలు మీరు గమనించలేదా?"

"రెండో వారమే గమనించాను."

"మరి చెప్పలేదేం?"

గుమ్మం దగ్గర ఎమిల్ నిలబడి వింటున్నాడు. ఓడీల్ చెవులు ఎర్రబడ్డాయి.

"చెబితే పరీక్ష ఆపేసేవారు. శుక్రవారాలు ఆగిపోయేవి."

ఎవరో దగ్గారు. దేని మీదైనా నాలుగు మీటింగులు పెట్టగల వెదర్బీకి దీని మీద ఒక్కటి కూడా తోచలేదు.

ఉత్త ప్యానెల్ బాగానే ఉంది కాబట్టి రంగు తీసేశారు. పెయింటర్లను నురుగు చల్లే విభాగానికి మార్చారు. ఓడీల్‌కు తొలిసారి మందలింపు ఉత్తరం అందింది.

సాయంత్రం కార్ల దగ్గర ఎమిల్ కాచుకుని ఉన్నాడు.

"నా రంగు పోయింది మిస్ ఓడీల్."

"పోయింది."

"పోవాల్సిందేనా?"

"పోవాల్సిందే."

"ఓదార్పుకైనా ఒక అబద్ధం చెప్పరా?"

"చెప్పను."

అతను నవ్వాడు. "అయితే సోమవారం మా ఇంటికి రండి. మా అమ్మ రెడ్ బీన్స్ కూర వండుతుంది. ఉప్పెక్కువైందని చెప్పే ధైర్యం ముప్పై ఏళ్లుగా ఎవరికీ లేదు."

"నేను చెబితే పెళ్లికి ఒప్పుకుంటుందా ఆవిడ?"

"పెళ్లా? ఆ మాట నేననలేదే."

"నోటితో అనలేదు," అంది ఓడీల్ కారు తలుపు తీస్తూ. "బ్రష్షు పట్టుకుని ఐదు వారాలుగా అంటూనే ఉన్నావు."