హాంబర్గ్‌లో చేపల పులుసు

"కొరియర్ ఈరోజే దిగుతోంది. కోడ్ సరిపోతే యాసీన్‌ని అప్పగించు. తేడా వస్తే ఆపరేషన్ క్యాన్సిల్. ఓవర్."

ఢిల్లీలోని చీఫ్ ఫోను పెట్టేశాడు. బర్ దుబాయ్ ట్రావెల్స్ ఆఫీసులో ఏజెంట్ ఖాదర్ హుస్సేన్ లేచి కోటు తొడుక్కున్నాడు. లోకానికి అతను టిక్కెట్లమ్మే మేనేజరు. అది 2006.

యాసీన్ ఒక విదేశీ ఆయుధాల ముఠాలో రేడియో ఆపరేటరు. మనసు మారి పారిపోయి వచ్చి దుబాయ్‌కి దగ్గర్లోని అజ్మాన్‌లో ఖాదర్ దాచిన ఫ్లాట్లో ఉంటున్నాడు. నోరు విప్పితే ముఠా మొత్తం బయటపడుతుంది. ముఠాకి చిక్కాడా, సాయంత్రానికి శవమే.

కోడ్ తయారుచేసింది షాహుల్. నెల్లూరు జిల్లా కావలిలో ఖాదర్‌తో కలిసి పెరిగినవాడు, ఇప్పుడు జర్మనీలో హాంబర్గ్ రేవులో ఖాదర్ లాంటి ఏజెంటే. నెల రోజులుగా వాడి కబురు లేదు.

దుబాయ్ క్రీక్ నీటిపాయ ఒడ్డున టీ హోటల్లో నల్లటి అబాయా, నల్లద్దాలతో కొరియర్ వచ్చి కూర్చుంది. అద్దాలు తీయగానే ఖాదర్ గుర్తుపట్టాడు. ఫైజా! డిపార్ట్‌మెంట్లో ఆమెంత అందగత్తె, ఆమెంత తెగువగలది లేదు. పెళ్లి మాటెత్తితే 'ఒక్క మిషన్ అయిపోనీ' అని హైదరాబాదు వెళ్లిపోయిన మనిషి. ఆ ఒక్క మిషన్ కోసం ఖాదర్ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"హాంబర్గ్ పోతా ఉండా. తిండి యాడ బాగుంటుంది?" అన్నాడు.

"ఆదివారం పొద్దుగాల చేపల మార్కెట్ల. రొట్టె నడుమ చేపముక్క."

కోడ్ సరిపోయింది. ఇక చేతి గడియారంలోని మైకులో 'యల్లా' అంటే చాలు, ఎదురుగా ఆగిన కారులోంచి డ్రైవర్ అమీర్ జాన్ యాసీన్‌ని దింపుతాడు; 'ఖలాస్' అంటే అంతా రద్దు, కారు వెనక్కి. కానీ ఖాదర్‌కి స్నేహితుడు గుర్తొచ్చాడు. అనుమానంతో కాదు, బెంగతోనే అడిగాడు.

"షాహుల్ ఎట్టుండాడు? తిండికి ఇబ్బంది పడతా ఉండాడా?"

ఫైజా నవ్వింది. "మస్తుగున్నడు. రేవు ఎనక మీ నెల్లూరాయన హోటల్ దొరికిందంట. చేపల పులుసు పొయ్యి మీదికెల్లి దించంగనే తింటున్నడు. అంత రుచి ఇంకోటి లేదని నీతోని చెప్పమన్నడు."

ఖాదర్ కప్పు కింద పెట్టాడు.

షాహుల్ తల్లి వజీరాబీ పులుసు కాచిన రోజు గిన్నె దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. ముక్కకి పులుపు పట్టాలి, రేపు తినండి అనేది. ఓసారి ఇద్దరూ దొంగతనంగా వేడిపులుసు తిని గరిటె దెబ్బలు కూడా తిన్నారు. షాహుల్ పస్తయినా ఉంటాడు గానీ మొదటిరోజు పులుసు ముట్టడు. అంటే ముఠా చిత్రహింసలు పెడితే కోడ్ చెప్పాడు. దాని పక్కనే, నెల్లూరు మనిషికి తప్ప ఎవరికీ తెలియని అబద్ధం ఒకటి పెట్టి పంపాడు. దాన్ని మోసుకొచ్చిన ఫైజా ముఠా మనిషి.

ఖాదర్ కారు వైపు చూశాడు. యాసీన్ దిగడానికి సిద్ధంగా తలుపు మీద చెయ్యి వేశాడు. పక్కనే నిలబడ్డ అపరిచితుడి చెయ్యి కోటు జేబులో ఉంది.

"ఔర్ చాయ్, సాబ్?" వెయిటర్ వచ్చాడు.

"ఖలాస్," అన్నాడు ఖాదర్, గడియారం ఉన్న చెయ్యి ఊపుతూ.

కారు ఒక్క ఉదుటున వెనక్కి కదిలింది. సైలెన్సర్ తుపాకి తూటా ఫుట్‌పాత్‌కి తగిలింది. పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్న ఖాదర్ మనుషులిద్దరు లేచి ఫైజా చేతులు పట్టుకున్నారు. బయట కాపున్న మిగతావాళ్లు తూటా పేల్చినవాణ్ణి పడగొట్టారు.

"కోడ్ కరెక్టుగనే చెప్పిన. ఏడ తప్పిన?" అంది ఫైజా నెమ్మదిగా.

"నువ్వేం తప్పలేదు. వాడు చెప్పింది చెప్పినట్టే చెప్పినావు. బతికుండాడా?"

ఆమె తల తిప్పుకుని నీళ్ల వైపు చూసింది. ఖాదర్‌కి జవాబు అందింది. వెయిటర్ చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

ఫోనులో చీఫ్ మెచ్చుకున్నాడు. ఏ ఇంటెలిజెన్స్ మీద పట్టుకున్నావని అడిగాడు.

"నిన్నటి పులుసు, సార్."

చీఫ్ అది కొత్త కోడ్ అనుకుని రాసుకున్నాడు.

ఇక కావలికి ఫోను చెయ్యాలి. కొడుకు కబురు అంటే వజీరాబీ మొదట అడిగేది ఒక్కటే, అక్కడ వాడు తిండి యాడ తింటా ఉండాడని. ఎన్నో కోడ్లకి జవాబులు తెలిసిన ఏజెంట్ ఖాదర్ హుస్సేన్ దగ్గర ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు.