నలభై సెకన్ల ముందు

"అయిదు రోజులైంది. ఇంక కట్టెయ్యమ్మా ఆ రేడియో."

"కట్టను."

"పడుకునేటప్పుడైనా..."

"పడుకునేటప్పుడూ కట్టను. నీకంత గోలగా ఉంటే వరండాలో కూర్చో, నూలా."

"నాకొక్కదానికేనా? వచ్చినవాళ్ళంతా అరిచి మాట్లాడాల్సొస్తోంది. మొన్న ఫాదర్ వచ్చి ప్రార్థన చేస్తుంటే మధ్యలో రేడియోలో సంత ఆవుల ధరలు చదివారు."

"చదివితే చదివారు. ఆయనకీ రెండు ఆవులున్నాయిగా."

డిటెక్టివ్ సార్జెంట్ బ్రోనా హ్యాకెట్ వంటింటి గుమ్మంలోనే ఆగింది.

గురువారం. సాయంత్రం నాలుగూ అయిదు నిమిషాలు.

కిటికీ గట్టు మీద పాత రేడియో. దాని పక్కన దొంతరగా పేర్చిన సంతాపం కార్డులు. కింద ఇనప పొయ్యి. పోయిన శనివారం ఆ పొయ్యి ముందే మాలకీ టూహీ బోర్లా పడి కనిపించాడు. నుదుటి మీద గాయం. పొయ్యి అంచున రక్తం.

వయసు అరవై తొమ్మిది. ముప్పై ఏళ్ళు ఈ కిల్‌రోన్ ఊళ్ళోనే స్కూలు బస్సు నడిపాడు. బ్రోనా కూడా ఆ బస్సెక్కే చదువుకుంది. "కూర్చోండర్రా!" అని డ్రైవరు సీట్లోంచి ఆయన కేకేస్తే వెనక అద్దాలు గడగడలాడేవి.

సోమవారం పొద్దున చావు కబుర్లలో ఈ రేడియోనే ఆయన పేరు చదివింది. కన్సెప్టా దాని ముందు నిలబడి, భర్త పేరు చివరిదాకా వింది. శనివారం నుంచీ అది మోగుతూనే ఉంది, ఎవర్నీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

"రా అమ్మాయ్. కూర్చో. టీ తాగుతావా?" అంది కన్సెప్టా.

"తాగుతానండీ. అల్టన్ ఎక్కడ?"

"పైన. ఇంకెక్కడుంటాడు?" అంది నూలా. ఆ మాటలో తమ్ముడి మీద ప్రేమ లేదు.

ఆదివారం నాడే నూలా స్టేషన్‌కి వచ్చి ఒక మాట చెప్పింది. రెండు వారాల కిందట, అదీ శనివారమే, అల్టన్ తండ్రి మీద అరిచాడు. ఫోను విసిరి గోడకేసి కొట్టాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. "మా తమ్ముడు నాన్నని తోశాడని నేననడం లేదు. తొయ్యలేదని కూడా నా నోటితో అనలేను. అది తేలేదాకా వాడితో కలిసి అన్నం తినలేను" అంది.

బ్రోనా దగ్గర రెండు సమయాలున్నాయి.

నాలుగూ తొమ్మిది. పక్కింటి అట్రాక్టా ఓవెన్‌లో సోడా బ్రెడ్ పెట్టి, గడియారం చూసి పెరట్లోకి వచ్చింది. గోడకి అవతలనుంచి మాలకీ కేక వినిపించింది. మాటలేం లేవు. ఒక్క కేక. ఆ ఓవెన్ గడియారాన్ని బ్రోనా తన వాచీతో సరిచూసుకుంది. సరిగ్గానే ఉంది.

నాలుగూ ఇరవై ఒకటి. అల్టన్ అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు.

మధ్యలో పన్నెండు నిమిషాలు.

ఇంట్లో ఉన్నది ముగ్గురే. వంటింట్లో మాలకీ. పెరట్లో కన్సెప్టా. పై గదిలో అల్టన్. నూలా పక్క ఊళ్ళో ఉంటుంది. అయిదింటికి వచ్చింది.

అల్టన్ మెట్లు దిగి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు. గడ్డం గీసుకోలేదు. అక్కకి ఎదురుగా కూర్చోకుండా గోడవారకి నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్పు అల్టన్. శనివారం నాలుగింటికి ఎక్కడున్నావ్?"

"నా గదిలో. మన ఊరి జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాను. నెట్‌లో."

"నాన్న?"

"కింద. రేడియోలో వింటున్నాడు. నెట్ బొమ్మ ఆయనకి నచ్చదు."

"ఎందుకు?"

అల్టన్ బదులు కన్సెప్టా చెప్పింది.

"నలభై సెకన్లు లేటు కదమ్మా అది! రేడియోవాడు మైదానంలో కూర్చుని చెప్తాడు, అప్పటికప్పుడు. వీడి కంప్యూటర్లో అది తాపీగా వస్తుంది. ఆయన ఇక్కడ గోల్ అని అరిచి, టీ కలుపుకుని, కూర్చున్నాక వీడు పైన అరిచేవాడు. 'నీ కొడుక్కి ఇప్పుడే కబురందింది' అని ఆయన నవ్వేవాడు."

"శనివారం కేక విన్నావా అల్టన్?"

"లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా."

"కిందకి ఎప్పుడొచ్చావ్?"

"నాలుగూ ఇరవైకి. టీ కోసం. మీకు ఆదివారమే ఫోను ఇచ్చాగా సార్జెంట్? నాలుగూ తొమ్మిదికి పందెం కాశాను. టైముతో సహా ఉంది. అప్పుడు నేను పైనే ఉన్నాను."

"ఉంది. చూశాను."

ఆన్‌లైన్ పందేలే అల్టన్ వృత్తి. వాటి గురించి రాస్తాడు కూడా. సొంత వెబ్‌సైట్ ఉంది. పొద్దున స్టేషన్‌లో మూడు కప్పుల టీ చల్లారిపోతుంటే బ్రోనా ఆ రాతలన్నీ చదివింది. బాగా రాస్తాడు. అది ఆమె ఊహించలేదు.

"చర్చి వీధిలో పందేల దుకాణానికి తలుపుండేది" అని ఒకచోట రాశాడు. "ఓడినవాడు ఆ తలుపు తీసుకుని వానలోకి వచ్చేవాడు. నెత్తి తడిస్తే కాస్త బుద్ధొచ్చేది. ఫోనుకి తలుపు లేదు."

ఇంకోచోట: "కంప్యూటరుకి అన్నీ తెలుసంటారు. గోల్‌కీపరు భార్యకి నొప్పులొస్తున్నాయని దానికి తెలీదు. మా పోస్ట్‌మాన్‌కి తెలుసు."

మరోచోట: "నెట్‌లో లైవ్ అనే మాట నమ్మకండి. తెర మీద మీరు చూసేది అయిపోయిన ఆట. మీకంటే ముందు చూసినవాడు ఈపాటికే గెలిచేశాడు."

అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో: "ఆట ఆగి ఉన్నప్పుడు పందెం కాసేవాడు పిచ్చివాడు."

ఆ వాక్యం దగ్గర ఆమె టీ పూర్తిగా చల్లారిపోయింది.

"అందరూ కూర్చోండి" అంది బ్రోనా. "నూలా, నువ్వు కూడా. ఒక ప్రశ్న. శనివారం మ్యాచ్ ఎంతకి అయిపోయింది?"

నూలా కన్సెప్టా వైపు చూసింది. కన్సెప్టా నూలా వైపు చూసింది.

శనివారం వస్తే స్కోరు తప్ప ఇంకో మాట వినపడని ఇల్లు. అయిదు రోజులుగా ఎవరూ ఆ సంగతే అడగలేదు.

"సున్నా, సున్నా" అన్నాడు అల్టన్, నేల చూస్తూ.

"అదేంటి?" కన్సెప్టా చేతిలో టీ కెటిల్ ఆగిపోయింది. "గోల్ వేశారుగా. ఆయన అరిచాడు. నేను విన్నాను. బట్టలు తీస్తూ అట్రాక్టాతో 'వేశారు!' అన్నాను కూడా."

"అన్నారు. ఆవిడ కూడా చెప్పింది. కానీ గోల్ లేదండీ. రేడియో స్టేషన్‌కి వెళ్ళి రికార్డింగ్ విన్నాను. నాలుగూ ఏడుకి ఒక ఆటగాడికి మోకాలు దెబ్బతింది. నాలుగూ పదకొండు దాకా ఆట ఆగిపోయింది. నాలుగూ తొమ్మిదికి మైదానంలో ఏం జరగలేదు. డాక్టరు కట్టు కడుతున్నాడు. అంతే."

కన్సెప్టా కెటిల్‌ని మెల్లిగా కింద పెట్టింది.

"మరి ఆయనెందుకు అరిచాడు?"

రేడియోలో ఎవరో వాన గురించి చెబుతున్నారు.

"పోస్ట్‌మార్టం రిపోర్టు మధ్యాహ్నం వచ్చింది. గుండె ఆగిపోయింది. నుదుటి దెబ్బ పడేటప్పుడు తగిలింది. ఎవరూ తొయ్యలేదు, నూలా. ఆ మాట ముందు నీకే చెప్పాలి."

నూలా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అయితే ఆ పన్నెండు నిమిషాలు మిగిలాయి" అంది బ్రోనా. "అల్టన్, నీ ఫోన్లో ఈ ఏడాది పందేలన్నీ చూశాను. మన జట్టు ఇక్కడ ఆడిన మ్యాచ్‌ల మీద 'తర్వాతి గోల్ మనదే' అని పదహారు సార్లు కాశావు. పద్నాలుగు గెలిచావు. ఆ పద్నాలుగూ, గోల్ తెర మీద కనపడటానికి అరనిమిషం ముందు కాసినవే. అంత కచ్చితంగా నీకెలా తెలిసింది?"

అల్టన్ పెదవి కొరుక్కున్నాడు.

"శనివారం తీసిన ఫోటోల్లో ఇంకోటుంది. అక్టోబరు చలి. పొయ్యి వెలుగుతోంది. అయినా మెట్ల వైపు తలుపు బార్లా తీసి ఉంది. మూసుకోకుండా మాలకీ గారి బూటు అడ్డం పెట్టి ఉంది. ఎందుకు?"

"ఆయనకది అలవాటు" అంది కన్సెప్టా. "మ్యాచ్ ఉంటే చాలు, బూటు అడ్డం పెట్టేవాడు. వేడంతా పోతోందని నేను పోట్లాడేదాన్ని."

"ఓడిపోయిన పందేలు రెండు. ఒకటి రెండు వారాల కిందటిది. నూలా చెప్పిన గొడవ రోజు. రెండోది మొన్న శనివారం, నాలుగూ తొమ్మిదీ ఇరవై సెకన్లకి. నీ తెర మీద ఆటగాడు నేల మీద పడి ఉన్నాడు. ఆట ఆగి ఉన్నప్పుడు కాసేవాడు పిచ్చివాడని నువ్వే రాశావు. నువ్వు పిచ్చివాడివి కాదు. మరెందుకు కాశావ్?"

అల్టన్ గోడకి జారగిలబడి అలాగే నేల మీదకి దిగిపోయాడు.

"హెడ్‌ఫోన్స్ లేవు" అన్నాడు. "విన్నాను."

"చెప్పు."

"నేను పందెం కాసేది చిన్న సైటు. మన లీగ్ కోసం మైదానానికి మనిషిని పంపరు. వాళ్ళూ అదే వీడియో చూస్తారు. అదే నలభై సెకన్లు లేటు. నాన్న కేకేస్తే గోల్ పడ్డట్టు. నేను కాసేవాణ్ణి. తర్వాత బొమ్మ వచ్చేది. రెండు వారాల కిందట ఊరికే అరిచాడు. సరదాకి. కిందనుంచి ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అన్నాను. ఫోను విసిరేశాను."

"మొన్న?"

"కేక వినపడింది. నొక్కేశాను. ఆలోచించలేదు. వేలే వెళ్ళిపోయింది. నలభై సెకన్లు చూశాను. గోల్ రాలేదు. నిమిషం. రాలేదు. మళ్ళీ ఆటపట్టించాడనుకున్నాను. ఈసారి నవ్వు కూడా లేదు. దాక్కుని నవ్వుకుంటున్నాడనుకున్నాను. దిగి వస్తే ఆయనే గెలిచినట్టవుతుందని... దిగలేదు. పది నిమిషాలు బిగుసుకుని కూర్చున్నాను."

నూలా చేతులు మొహం మీంచి తీసింది. తమ్ముణ్ణి చూస్తూ ఉండిపోయింది.

"వెంటనే వచ్చుంటే బతికేవాడా?" అడిగాడు అల్టన్.

"డాక్టరు చెప్పలేనన్నాడు. అడిగాను. రెండుసార్లు."

"ఏమని అరిచాడు? నన్నే పిలిచాడా?"

ఆ కేక ఏ రికార్డింగ్‌లోనూ లేదు.

కన్సెప్టా కుర్చీలోంచి లేచింది. కొడుకు పక్కకి వెళ్ళి, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా, నేల మీదే కూర్చుంది.

"నీకొకటి తెలీదురా" అంది. "ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఆయన కేక విని పందెం కాస్తావని. ఎండాకాలంలోనే కనిపెట్టాడు. తలుపుకి బూటు ఎందుకు పెట్టాడనుకున్నావ్? డాక్టరు గట్టిగా అరవొద్దన్నాడు, గుండెకి మంచిది కాదని. నేను తిట్టాను. 'పైదాకా వినపడాలి కదే, వాడు నాతో మాట్లాడేది ఇదొక్కటే' అన్నాడు."

అల్టన్ నోరు తెరిచాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది ఏడుపులా లేదు. కన్సెప్టా వాడి తలని తన భుజానికి ఆనించుకుంది.

బ్రోనా కిటికీలోంచి బయటికి చూసింది. పెరట్లో తాడు మీద మాలకీ చొక్కాలు రెండు. శనివారం సగం తీసి వదిలేసిన బట్టలు. అయిదు రోజులుగా తడుస్తున్నాయి, ఆరుతున్నాయి, మళ్ళీ తడుస్తున్నాయి.

"ఇందులో నేరం లేదు" అంది చివరికి. "పందేల సంగతి నా ఫైల్లోది కాదు. కానీ నీ స్టేట్‌మెంట్ తప్పు, అల్టన్. మార్చి రాయాలి. హఠాత్తుగా పోయినవాళ్ళ గురించి కరోనర్ జరిపే విచారణలో దాన్ని చదువుతారు. అందరి ముందూ."

"ఊరంతా వింటుంది" అంది నూలా. ఈసారి ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది.

"విననీ" అన్నాడు అల్టన్. "రాసివ్వండి. సంతకం పెడతాను."

కన్సెప్టా కొడుకు భుజం పట్టుకుని లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. రేడియో మీద చెయ్యి వేసింది. కట్టలేదు. శబ్దం తగ్గించింది, మాటలు గుసగుసల్లా వినపడేంత. అయిదు రోజుల తర్వాత ఆ వంటింట్లో పొయ్యిలో నిప్పు చిటపటలు వినిపించాయి.

"నాది కూడా మార్చి రాసుకో, అమ్మాయ్" అంది. "వీడిదానికంటే ముందు నాది చదవాలి. నేనూ విన్నాను. వీడు మేడ మీద ఉన్నాడు, నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. విని, 'వేశారు' అని నవ్వాను."

"అమ్మా..." అంది నూలా.

"ఆగు. చెప్పనీ." చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. ఇద్దరు పిల్లల్నీ మార్చి మార్చి చూసింది. గొంతు పెంచలేదు. "పై గదికి తాళం వేస్తున్నాను. ఇవాళ్టినుంచి అల్టన్ కిందే ఉంటాడు, ఈ వంటింటి పక్క గదిలో. నూలా, మంచం దించాలి, నువ్వొక కొస పట్టుకో. ఇకమీద ఈ ఇంట్లో ఎవరు కేకేసినా, ఉన్నవాళ్ళు లేచి వచ్చి చూడాలి."

తలుపుకి అడ్డం ఉన్న బూటు అక్కడే ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"గోల్ పడ్డ కేకే అయినా సరే" అంది కన్సెప్టా.