ఇనుపరెప్ప

"అలా జరగకూడదు గానీ, మీ ఆఫీసు కాపలా ఏదో ఒకరోజు ఇంటి మనిషినే దొంగనుకుంటుందే హైమా," అంది ధనకుమారి, కూతురి టిఫిన్ డబ్బా మూత మరోసారి నొక్కి చూస్తూ.

హైమ చెవిలో పూస సర్దుకుంటోంది. చింతగింజంత ఉండే ఆ చెవిపూసే ఇప్పుడు ఉద్యోగస్తులందరికీ ఫోను, ఆఫీసు తాళం, గుర్తింపు కార్డు. అది తీసేస్తే మనిషి ఎవరికీ చెందనట్టే.

"పొద్దున్నే మొదలెట్టావా? తథాస్తు దేవతలకి మనింట్లో ఓవర్‌టైమ్ అయిపోతోందమ్మా."

"మీ నాయనమ్మా ఇలాగే అనేది, చెడు మాట నోటితో అంటే వాళ్ళు తథాస్తంటారని. నాకు మాత్రం అనేస్తేనే మనసు కుదుటపడుద్ది. నేను పైకి అనేసింది ఏదైనా ఇంతవరకూ జరిగిందా? నువ్వే చెప్పు."

జరగలేదు. లిఫ్టు తాడు తెగుతుందని అంది, తెగలేదు. డ్రైవరు లేని ఆటో తిన్నగా సముద్రంలోకి పోతుందని అంది, పోలేదు. ధనకుమారి పదో తరగతి దాకా చదివింది. భర్త పోయాక ఇంట్లోనే జాకెట్లు కుడుతూ కూతుర్ని పెంచింది. మిషను ఆగిన ప్రతిసారీ ఒక భయం పుట్టేది. భయం పుట్టిన ప్రతిసారీ బొడ్లో దోపుకున్న ఫోను తీసి హైమకి చేసేది. ఆ ఫోన్లు ఈ మధ్య వెళ్ళడం లేదు.

హైమ పనిచేసేది కాకినాడ తీరాన సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే సంస్థలో. లోపలి మనిషి ఇంటర్నెట్‌లోకి వెళ్ళాలన్నా, బయటి మాట లోపలికి రావాలన్నా 'మేఘగడప' దాటాలి. ఆ గడప ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల్లో ఉంటుంది; దాన్ని కాసే సాధనాలూ అక్కడే. పోయిన ఏడాది పక్క జిల్లా నీటి సంస్థలో ఒక గుమస్తాకి కొడుకు గొంతుతో ఏడుపు వినిపించింది. "నాన్నా, తొందరగా తాళం మాట చెప్పు, నన్ను చంపేస్తారు." అది కొడుకు కాదు. ఎవరో అరువు తెచ్చుకున్న గొంతు. పాపం ఆయన చెప్పేశాడు. ఊరు ఊరంతా కుళాయిల్లో ఉప్పునీళ్ళు పట్టుకుంది.

అప్పట్నుంచి సంస్థలన్నీ గట్టి కాపలా కోసం వెతుకుతున్నాయి. హైమ సంస్థ రెండింటిని తెచ్చి పరీక్షకు పెట్టింది. సగం మందిని 'జల్లెడ' కాస్తోంది, మిగతా సగాన్ని 'ఇనుపరెప్ప'. ఏది కొనాలో తేల్చి చెప్పే పని హైమది. తనను తానే ఇనుపరెప్ప కింద పెట్టుకుంది.

"భయం, తొందర, ఏడుపు వినిపిస్తే ఇనుపరెప్ప ఆపేస్తుందమ్మా. దొంగలు వాడేవి అవే. నువ్వు నెమ్మదిగా, హాయిగా మాట్లాడు. గడప దాటుద్ది."

"హాయిగానా? నేనా?"

ఇద్దరూ నవ్వారు. కానీ ధనకుమారి నేర్చుకుంది. కుట్టుమిషను ముందు కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు పలికి చూసుకునేది. మొన్న తొలిసారి ఆమె మాట గడప దాటింది. "హైమా, అన్నం తిను. ఇక్కడ అంతా బాగుంది." ఆ సాయంత్రం హైమ బందరు లడ్డూ తెచ్చింది.

ఇప్పుడు గుమ్మం దగ్గర ధనకుమారి ఏదో అనబోయి ఆగింది. లోపల బాత్‌రూమ్‌లో కుళాయి కారుతున్న చప్పుడు.

"ఏంటమ్మా?"

"ఏం లేదులే. అలవాటు చేసుకుంటన్నాను. వెళ్ళిరా."

మధ్యాహ్నం హైమ పై అధికారి త్రిమూర్తులు గారి గదిలో కూర్చుంది. గోడమీద రెండు కాపలాల పనితీరూ పక్కపక్కన వెలుగుతోంది.

"ముక్తసరిగా చెప్పమ్మా. ఏది కొందాం?"

"జల్లెడ అనుమానం వస్తే మాటను పక్కన దాచి, వినాలా వద్దా అని మనల్నే అడుగుతుందండి. మొదటి వారం అందరూ ఆలోచించి చెప్పారు. తర్వాత విసుగొచ్చి, చూడకుండానే అవునవునంటున్నారు. మేం పరీక్షకి పంపిన దొంగ మాటలు కొన్ని అలాగే లోపలికొచ్చేశాయి."

"మరి రెండోది?"

"ఇనుపరెప్ప దగ్గర ఒక్కటీ దాటలేదండి. అది అడగదు. ఆపిన మాట దాచదు కూడా, అక్కడికక్కడే చెరిపేస్తుంది. ఎవరైనా బతిమాలినా తెరవదు. తెరవాలంటే ఇద్దరు అధికారులు ఒప్పుకోవాలి, దానికొక పూట పడుతుంది."

త్రిమూర్తులు గారు తృప్తిగా తలాడించారు. "నేనూ దాని కిందే ఉన్నాను కదా. చెబితే నవ్వుతావు గానీ, మా ఆవిడ ఈ నెలలో ఒక్కసారి కూడా ఫోన్లో అరవలేదు. మనిషి బాగుపడిందనుకున్నాను."

హైమ నవ్వబోయింది. అప్పుడే చెవిలో తల్లి గొంతు వినిపించింది.

"హైమా. నేను బాగానే ఉన్నాను. కంగారేమీ లేదు. నీకు వీలైనప్పుడు ఇంటికి రా."

ఒక్కో మాట విడివిడిగా, ఊపిరి కూడదీసుకుంటూ. హైమ చేతిలోని గ్లాసు బల్లమీద పెట్టింది. నీళ్ళు తొణికాయి.

పుట్టి బుద్ధెరిగాక, తల్లి ఒక్కసారైనా కంగారు లేదనలేదు. బాగానే ఉన్నానని తనంతట తాను చెప్పలేదు. వీలైనప్పుడు అనే మాట ఆవిడ నోట్లోనే లేదు.

"మా అమ్మకి ఏదో అయిందండి."

"ఏమైంది? ఏం చెప్పింది?"

"బాగానే ఉన్నానందండి!"

త్రిమూర్తులు గారు అయోమయంగా చూశారు. హైమ అప్పటికే తల్లికి ఫోను చేసింది. అవతల ఎత్తారు. కానీ ఏమీ వినిపించలేదు. అమ్మ మాట్లాడటం లేదో, మాట్లాడుతుంటే గడప చెరిపేస్తోందో తెలియదు. "అమ్మా, ఏమైంది? తొందరగా చెప్పు!" అని తానే అరిచింది. చెవిలో మర్యాదైన గొంతు పలికింది. "మీ మాటలో తొందర ఉంది. పంపడం లేదు."

పక్కింటివాళ్ళకు చెబుదామనుకుంది. వెంటనే వెళ్ళి చూడండి అనే మాట నెమ్మదిగా ఎలా చెప్పాలి? ప్రయత్నించింది. గొంతు వణికింది. వణుకునూ ఇనుపరెప్ప ఆపేసింది.

"తెరిపించండి సార్!" అని, ఒక పూట పడుతుందని ఇందాక తాను గొప్పగా చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆయన ముఖంలో రంగు మారింది. తన భార్య అరవని నెలరోజులూ ఆయనకిప్పుడు మరోలా కనబడుతున్నట్టున్నాయి. "నువ్వు పదమ్మా. జల్లెడ కింద ఉన్నవాళ్ళచేత అంబులెన్సుకి చెప్పిస్తాను. ఇల్లెక్కడ?"

చెప్పి పరిగెత్తింది.

ఆటో తన వేగం దాటనంది. దారిలో ఆఫీసుల నుంచి వస్తున్నవాళ్ళు చెవిపూసల్లో మాట్లాడుకుంటూ కనిపించారు. అందరివీ నెమ్మదైన ముఖాలు, మెత్తటి మాటలు. ఇంతమందిలో ఎందరి ఇళ్ళల్లో ఎవరెవరు పాఠం అప్పజెబుతున్నారో అనుకుంది హైమ. ఆ పాఠం తన తల్లికి నేర్పింది తనే. లడ్డూ కూడా పెట్టింది.

ఇంటి తలుపు తీసింది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు, సూది దిగబడి అలాగే ఉంది. బాత్‌రూమ్ తలుపు కింద నుంచి నీళ్ళు సన్నగా బయటికి పారుతున్నాయి. గడియ లోపల వేసి ఉంది.

"అమ్మా!"

తలుపు బాదింది. చెవిపూస పీకి నేలకేసి కొట్టింది.

"అమ్మా, నేను. ఇక్కడే ఉన్నాను, తలుపవతలే. మధ్యలో ఎవరూ లేరు. ఎవరూ ఆపరు."

కుళాయి కారుతున్న చప్పుడు. దూరంగా ఎక్కడో అంబులెన్సు కూత, వస్తోందో పోతోందో.

"అరవమ్మా. తిట్టు. దేనికో ఒకదానికి భయపడవే," అంది హైమ. ఎప్పుడూ తల్లిని అలా అనలేదు. "లిఫ్టు తాడు తెగుద్దను. ఆటో సముద్రంలోకి పోద్దను. అన్నీ వింటాను."

హైమ నుదురు తలుపుకి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. అవతల కనీసం ఊపిరి వినిపిస్తుందేమోనని తన ఊపిరి బిగబట్టింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, భుజంతో గుద్దడానికి సిద్ధమైంది.

అప్పుడు లోపల నుంచి, నేలకి దగ్గరగా, బొంగురుపోయిన గొంతు పలికింది.

"పరిగెత్తుకు రాకే... అలా జరగకూడదు గానీ... నేల తడిగా ఉంది, నువ్వూ జారిపడతావు."