సీసాడు నీళ్ళు

పొద్దున ఏడయ్యేసరికి కొండప్ప అంజినప్ప అంగడి ముందు కాటా ఎక్కాలి. చెనక్కాయ మూటలు తూచే కాటా అది. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి పెళ్ళాం చేతికిచ్చి, చేతులు కిందికి వదిలి నిలబడితే అంజినప్ప వంగి అంకె చూసి చెప్తాడు. ఆరు నెలలుగా ఇదే తంతు. మొదట్లో జనానికి నవ్వులాటగా ఉండేది. మూట కుట్టి లారీకి ఎత్తేదా అని ఒకడు, ఈ ఏడాది కాపు ఇంతేనా అని ఇంకొకడు. ఇప్పుడు నవ్వడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

"యాభై ఎనిమిదిన్నర," అన్నాడు అంజినప్ప.

మారెక్క ఆ అంకెను నోట్లో నాలుగుసార్లు అనుకుంటూ మొగుడి వెంట ఇంటిదారి పట్టింది. ఆమెకు చదువు రాదు. అయినా నిన్నటి అంకె, మొన్నటి అంకె అడిగితే తడుముకోకుండా చెప్తుంది. కొండప్ప గుండె బలహీనపడింది. తాగిన నీళ్ళను బయటికి తోసే శక్తి లేక ఒంట్లోనే నిలబెట్టుకుంటోంది. రోజుకు లీటరు నీళ్ళు, అంతకు మించి చుక్క వద్దన్నాడు డాక్టరు. ఒక్క రాత్రిలో కిలో పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా పరుగున తీసుకురమ్మన్నాడు. ఇంట్లో తూచుకునే మిషన్ లేదు కాబట్టి చెనక్కాయల కాటాయే దిక్కయింది.

ఇంటికి రాగానే మారెక్క లీటరు సీసా నింపి గూట్లో పెట్టింది. ఆ రోజుకు కొండప్ప గొంతులోకి దిగే తడి అంతా అందులోదే. గ్లాసెడు కాఫీ తాగితే సీసాలోంచి గ్లాసెడు తీసి కుండలో పోసేస్తుంది. మజ్జిగకూ అంతే, అంబలికీ అంతే. వినడానికి చిన్న సంగతి. మే నెల ఎండలో మా వైపు పల్లెల్లో కూర్చుని ఒక్క రోజు చేసి చూడండి, తెలుస్తుంది.

దారిన పోయే గొర్లకాపరి అడిగినా ముందు చెంబు చేతికిచ్చి తర్వాత మాట్లాడే ఊరు అది. అలాంటి ఊళ్ళో మొగుడికి నీళ్ళు కొలిచి పోసే ఆడదని మారెక్కకు పేరు పడింది. ఆ మాట ఆమె చెవినా పడింది. విడమర్చి చెప్పుకుందామంటే కొండప్ప ఒప్పుకోలేదు. గుక్కెడు నీళ్ళు తాగలేని మగాడినని ఊరంతా టముకు వేస్తావా అని కసిరాడు. ఆమె నోరు కట్టుకుంది.

ఆ ఆదివారం పదకొండింటికి కూతురు ఉమాదేవి కదిరి నుంచి ఆటోలో దిగింది. అప్పటికి కొండప్ప వసారాలో మంచం మీద కూర్చుని నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు.

"ఏమే, రోంత నీళ్ళు పొయ్యి," అన్నాడు.

మారెక్క సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. పొద్దు గుంకేదానికి ఇంకా శానా ఉండాది, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యి అని చెప్పింది. ఉమాదేవి గడపలోనే నిలబడిపోయింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

ఆ మంట ఆ రోజు పుట్టింది కాదు. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోతే మారెక్క రెండు మైళ్ళు నడిచి నీళ్ళు తెచ్చేది. మొహానికి ఒక చెంబు, తాగడానికి ఒక చెంబు, అంతే. ఒకసారి బిందె తన్నేసినందుకు ఉమాదేవి చెంప వాచిపోయేలా దెబ్బ తింది. అమ్మ అంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది ఆ కొలతే.

"కొళాయి ఇంటి ముందరికి వచ్చి మూడేండ్లాయ గదమ్మా. ఇంగా నీ కొలత పోలేదా?" అంది.

మారెక్క డాక్టరు చెప్పింది మొత్తం చెప్పింది. ఉమాదేవి చెవికెక్కించుకోలేదు. డాక్టరు ఉప్పు తగ్గించమనుంటాడు, నువ్వు నీళ్ళని విన్నావు పొమ్మంది. ఇప్పుడు అందరూ రోజుకు నాలుగు లీటర్లు తాగమంటున్నారని, ఒంట్లో చెడు అంతా కొట్టుకుపోయి ఒళ్ళు ఒక కొలతకు వస్తుందని, తనూ అదే చేస్తున్నానని ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించింది. మారెక్కకు విసుగొచ్చింది. నా మాట నమ్మకపోతే మీ నాయన్నే అడగమంది.

ఉమాదేవి తండ్రి వైపు తిరిగింది. కొండప్ప తువ్వాలు సర్దుకున్నాడు. గూట్లో సీసా వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూశాడు.

"ఏమో పాపా. డాక్టరు మాట మీ అమ్మే విన్నాది. నేను బయట కూర్చోనుంటి," అన్నాడు.

పచ్చి అబద్ధం. డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. మారెక్క మొగుడి మొహం వైపు చాలాసేపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆరు నెలలు ఊరి చేత మాటలు పడింది ఈ మనిషి కోసమేనా అనిపించింది ఆమెకు. నాయన్ను పది దినాలు నా ఇంట్లో పెట్టుకుంటానంది ఉమాదేవి.

"తీసుకపో. నేను గూడా పది దినాలు నిమ్మళంగా నిద్రపోతా," అంది కూతురితో.

మాత్రలు, రెండు పంచెలు, దువ్వెన సంచిలో సర్ది ఇచ్చింది. నీళ్ళ లెక్క రాసిన డాక్టరు చీటీ మాత్రం సంచిలోకి వెళ్ళలేదు.

కదిరిలో ఉమాదేవి మొగుడు కేశవకు బస్టాండు వెనక చిన్న అంగడి ఉంది. ఇంటి ముందుగదే అంగడి. ఒక మూలన ఫ్రిజ్జు, దాని నిండా కూల్‌డ్రింకులు. అందులో పై అరలోవి ఉమాదేవివి, చక్కెర లేనివి. బంధువుల పెళ్ళిలో ఎవరో లావయ్యావన్నారని నాలుగు నెలలుగా వాటినే నమ్ముకుంది. రెండు కిలోలు తగ్గింది కూడా. సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానింది కాబట్టి తగ్గిందని కేశవ అంటాడు. ఆమె ఒప్పుకోదు.

కొండప్పకు కొంచెం చక్కెర జబ్బు కూడా ఉంది. కాబట్టి పై అరలోవే ఆయనకూ ఇచ్చింది. చక్కెర లేదు నాయనా, ఎన్ని తాగినా ఏమీ కాదు అని భరోసా ఇచ్చింది. పొద్దున లేవగానే చెంబెడు నీళ్ళు, పదింటికి ఒక సీసా, అన్నంలోకి మజ్జిగ, మధ్యాహ్నం మళ్ళీ సీసా. కొండప్ప చల్లటి సీసాను మొదట చెంపకు ఆనించుకుని, తర్వాత తాగేవాడు. తాగాక కళ్ళు మూసుకునేవాడు. ఆ మొహం చూస్తే ఉమాదేవికి కడుపు నిండిపోయేది. తల్లిని తలుచుకుని పళ్ళు నూరుకునేది.

ఎనిమిదో రోజు ఆయన్ను మందుల షాపులో మిషన్ ఎక్కించింది. అరవై మూడు. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది. ఇంటికి రాగానే తల్లికి ఫోను చేసింది.

"నాయన ఎంతున్నాడో తెల్సా? అరవై మూడు. నువ్వు ఎండబెట్టినావు. నా ఇంట్లో ఎనిమిది దినాలకే ఒళ్ళు చేసినాడు."

"కాళ్ళు నొక్కి చూడు," అంది మారెక్క. "చీలమండ పైన ఏలు పెట్టి గట్టిగా నొక్కి తీయి. గుంట పడతాందా?"

ఉమాదేవి నవ్వుతూనే కూర్చుని తండ్రి పంచె పైకి జరిపింది. కాలు నునుపుగా మెరుస్తోంది. వేలు పెట్టి నొక్కి తీసింది. తడిపిన పిండిలో పడ్డట్టు గుంట పడింది. పూడుకుంటుందని చూసింది. పూడుకోలేదు.

"రాత్రిళ్ళు పండుకుంటాండాడా, కూర్చుంటాండాడా?"

మూడు రాత్రులుగా కొండప్ప గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. ఉక్కగా ఉంది పాపా అన్నాడు. నిజమే అనుకుని ఆమె టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టింది. ఆ మాటే తల్లికి చెప్పింది.

"ఆటో పిలువు. ఆసుపత్రికి పో. నేను వస్తాండా," అని మారెక్క ఫోను పెట్టేసింది.

ఆసుపత్రిలో మొహానికి ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. ఏం తాగించారని డాక్టరు అడిగాడు. ఉమాదేవి వరసగా చెప్పి, చివర్లో, చక్కెర లేనివే సార్ అంది. డాక్టరు ఆమె వైపు జాలిగా చూశాడు. చక్కెర ఉన్నా లేకున్నా ఈయన గుండెకు అవి నీళ్ళేనమ్మా, నీకు ఏమీ కాకపోవచ్చుగానీ ఈయనకు మంచినీళ్ళు కూడా ప్రమాదమే, ఎక్కింది కండ కాదు, నీరు, ఊపిరితిత్తుల దాకా వచ్చేసిందని చెప్పాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు.

మారెక్క వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. తల్లిని చూడగానే ఉమాదేవి బావురుమంది. ఏడుపులోనే కోపం కూడా వచ్చింది ఆమెకు. చీటీ ఎందుకు పెట్టలేదు, కనీసం ఆ చీటీ చూసి ఉంటే నమ్మేదాన్ని కదా అని నిలదీసింది.

"కావాలనే పెట్టలేదు," అంది మారెక్క. "మీ నాయన నా ముందరే అబద్ధం చెప్పినాడు. నువ్వు నమ్మినావు. తండ్రీ బిడ్డా ఒకటైనాక మధ్యలో నేనెవురు అనుకుంటి. నాది గూడా తప్పే. ఎనిమిది దినాలు కంటి మీద కునుకు లేదు నాకు. అయినా ఫోను చేయలేదు. అంత పౌరుషం వచ్చింది ఈ ముసిలిదానికి."

మంచం మీద కొండప్ప మొహానికున్న తొడుగు పక్కకు జరిపాడు.

"పాపను ఏమనొద్దే. తప్పు నాది," అన్నాడు ఆయాసపడుతూ. "ఎనిమిది దినాలు దప్పిక తీరా తాగినా. సచ్చినా పర్వాలేదనుకుంటి."

మారెక్క మంచం దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు పెరగలేదు.

"నీకు పర్వాలేదప్పా. దీని చేతి నీళ్ళు తాగి సచ్చింటివి గదా. ఇది ఎట్ల బతకల్ల?"

కొండప్ప కూతురి వైపు చూశాడు. తొడుగు మళ్ళీ మొహానికి పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతుండడం ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

కాసేపటికి తల్లి కనబడకపోతే ఉమాదేవి వెతుక్కుంటూ బయటికి వచ్చింది. ఆసుపత్రి వెనక కొళాయి ఉంది. మారెక్క దాని ముందు వంగి దోసిలి పట్టి తాగుతోంది. దోసిలి తర్వాత దోసిలి, పైట తడుస్తున్నా చూసుకోకుండా తాగుతోంది. మనిషి అంతసేపు నీళ్ళు తాగడం ఉమాదేవి ఎప్పుడూ చూడలేదు. అసలు ఈమధ్య ఎప్పుడు వెళ్ళినా తల్లి చేతిలో తాగే చెంబే చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. పగిలిన ఆ పెదాలు ఎండకేమో అనుకుంది ఇన్నాళ్ళూ.

"నీకెవురు కొలత పెట్టినారమ్మా?" అని అడిగింది.

మారెక్క పైటతో మూతి తుడుచుకుంది. "మీ నాయన ఎదురుగా ఎట్ల తాగేది? నా గొంతు కదిలితే దాన్నే చూస్తాంటాడు. పొలానికి పోయినప్పుడు తాగుతా. లేదంటే ఆయప్ప నిద్రపోయినాక."

ఉమాదేవి తల్లి తడి చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. చిన్నప్పుడు తిన్న దెబ్బ గుర్తొచ్చింది. ఆ బిందె మోసిన భుజం ఎంత నొప్పెట్టిందో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఐదు రోజులకు కొండప్పను ఇంటికి పంపారు. ఉమాదేవి అంగడి కేశవకు వదిలి వెంట వచ్చింది. మర్నాడు పొద్దున కాటా దగ్గరికి ఆమే తీసుకెళ్ళింది. యాభై ఎనిమిది. సీసా ఆమే నింపి గూట్లో పెట్టింది.

మిట్టమధ్యాహ్నం కొండప్ప పిలిచాడు. "పాపా, రోంత పొయ్యి."

ఉమాదేవి సీసా ఎత్తి చూసింది. సగానికి తక్కువే ఉంది. ఆ చేతులతోనే చల్లటి సీసాలు అందించింది ఆయనకు. ఇప్పుడు లేదనడం ఎంత కష్టమో ఆమెకు తెలిసొచ్చింది.

"ఇప్పుడు లేదు నాయనా. మూడింటికి ఇస్తా."

"నువ్వు గూడా మీ అమ్మ మాదిరే అయినావు," అన్నాడు కొండప్ప చేదుగా. వీధిలో పోతున్న పక్కింటామె ఆ మాట విని ఆగింది. తల్లితో పాటు కూతురూ మొదలుపెట్టిందన్నట్టు చూసింది.

ఉమాదేవి వసారా చివరికి వచ్చి నిలబడింది. "మా నాయన గుండె బాగలేదక్కా. నీళ్ళు ఎక్కువైతే ప్రాణానికే మోసం. మా అమ్మ ఆరు నెలలుగా ఆయప్పను కాపాడతాండాది. నేనే తెలీక చంపబోయినా," అంది.

పక్కింటామె తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఉమాదేవి లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. కుండలోంచి చెంబు నిండా ముంచి, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి చేతిలో పెట్టింది. మారెక్క బెదిరినట్టు తలుపు వైపు చూసింది.

"తలుపేసినా. తాగు," అంది ఉమాదేవి.

మారెక్క చెంబు పైకెత్తింది గానీ నోటి దాకా రాలేదు. బయట మంచం కోళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడైంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

"తలుపు తీయండే, లోపల ఉడుకు," అన్నాడు కొండప్ప వసారాలోంచి. "నేను వీధి పక్కకు తిరిగినాలే. దాన్ని తాగమను."

ఆరు నెలల్లో మొదటిసారి మారెక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ఉమాదేవి లేచి తలుపు తీసింది. కొండప్ప వీపు అటు తిప్పుకుని ఎండలోకి చూస్తూ కూర్చున్నాడు. మారెక్క కళ్ళు తుడుచుకుని, చెంబెడు నీళ్ళూ తాగింది.